గడ్డం కొంచెం కిందకి

ఈ నెల మీరు అనుకున్న మాట మెట్లు.
మంచిదే. బెజవాడలో మెట్లకేం కరువు?
కొండని పట్టుకు వేలాడే ఇళ్లకి అవే వీధులు.

కూర్చోండి. ఫ్యాను కింద బల్ల మీద పరవండి.
మూలలు లేస్తుంటే టీ గ్లాసులు పెట్టండి,
అడుగు తడి తుడిచి.

బాజీ, ముందు నీది.
గుణదల కొండ. మోకాళ్ల మీద ఎక్కుతున్న ఆవిడ.
ఇంకెవరైనా ముఖం తీసేవాళ్లు, నువ్వు అరికాళ్లు తీశావు.
మోకాళ్ల మీద ఎక్కేవాళ్ల అరికాళ్లు
ఆకాశంకేసి చూస్తాయని
డెబ్భై ఏళ్లొచ్చాయి, నేను గమనించలేదు.
ఒక్కటే మాట. ఎడం పక్క ఆ నీలం బకెట్టు.
అదేం చేసింది పాపం, కానీ కన్ను దాని మీదకే పోతోంది.
అర అడుగు కుడికి జరిగితే పోయేది.
అర అడుగే నాయనా, ఈ విద్యంతా.

ఫిలోమినా గారూ, రాత్రి డ్యూటీ దిగుతూ తీశారు కదూ,
ఆసుపత్రి వెనక ఇనప మెట్లు.
వణికింది. వణకనివ్వండి.
పన్నెండు గంటలు నిలబడొచ్చిన చెయ్యి
వణక్కపోతేనే అనుమానం.
ఈసారి మాత్రం గోడకి భుజం ఆనించి ఊపిరి బిగపట్టండి.
అప్పుడూ వణికితే, ఆ ఫోటో ఎవరికీ ఇవ్వకండి. దాచుకోండి.

జోజీ, నీది తలకిందులుగా పెట్టావా?
కాదా?
అయితే బాగుంది.

వీరరాఘవులూ, సీతానగరం రేవులో సూర్యోదయం.
ఏమీ అనుకోకు, సూర్యుడికి ఇప్పటికే చాలా ఫోటోలున్నాయి.
నవ్వకండర్రా, నాలుగింటికి లేచి
బ్యారేజీ దాటి వెళ్లాడు మనిషి.
ఇటు చూడు, ఈ కింది మూల.
నీళ్లలో సగం మునిగిన మెట్టు,
దాని మీద ఎవరో మర్చిపోయిన సబ్బుపెట్టె.
అదీ నీ ఫోటో. తీశావు, నీకే తెలీదు.
ఇక్కణ్ణించి కత్తిరించు.
సూర్యుడు పోతాడు. పోనీ, రేపొస్తాడు.

నాంచారమ్మా,
మనుషులు పడలేదని దిగులుపడ్డావట.
ట్యాంకరు కోసం మెట్టుకొక బిందె.
ఏ బిందె సొట్ట ఆ బిందెదే,
అంతకంటే ముఖాలేం కావాలి?
వెలుతురు కూడా భలే దొరికింది, పదకొండింటిదా?
ఎండ నెత్తి మీదకి రాకముందు...

ఆగు.
ఈ పచ్చ గేటు, ఈ విరిగిన అంచు.
ఇది చిట్టినగర్ కొండ మీద మా సందు.

నూట నలభై ఆరు మెట్లు.
నలభై ఏళ్లు రోజుకి రెండుసార్లు
మెడలో కెమెరాతో ఎక్కాను, దిగాను.
దిగి స్టూడియోకొచ్చి
గడ్డం కొంచెం కిందకి, అనేవాణ్ణి,
రెండు చెవులూ కనపడాలి, రెప్ప వెయ్యకండి.
పదిహేడు డబ్బాల నెగెటివులు.
ఊరి చెవులన్నీ ఉన్నాయి వాటిలో, ఒక్క మెట్టు లేదు.

తొంభయ్యో మెట్టు దగ్గర మా ఆవిడ
కూరల సంచీ దించి ఆయాసం తీర్చుకునేది.
ఇక్కడ ఒకటి తియ్యరాదూ, కింద ఏటి దాకా కనపడుతోంది, అనేది.
రీలు దండగ, అనేవాణ్ణి.

సరే. టీ చల్లారింది.
నాంచారమ్మా, నీ ఫోటోలో తప్పేం లేదు,
ఉన్నా ఇవాళ నాకు కనపడదు.

ఏదీ, ఎవరిదైనా ఫోను ఇటివ్వండి.
మీ మానాన మీరు మెట్లు దిగుతూ ఉండండి,
వెనక్కి చూడకండి.
గడ్డాలు ఎక్కడుంటే అక్కడే ఉండనీండి.

బాజీ మళ్లీ పైకొచ్చి చూశాడు.
గొంతు సవరించుకున్నాడు, అచ్చం నాలాగే.
బాగుంది మాస్టారూ,
ఐదుగురం ఐదు ఎత్తుల్లో పడ్డాం.
ఒక్కటే మాట.
పై మూల ఈ ఎర్రటి మబ్బుంది చూశారూ,
అది మీ బొటనవేలు.

కత్తిరించనా, అన్నాడు.
ఉండనీ, అన్నాను.